దుర్యోధనుడి తొడ ఏ రాష్ట్రంలో విరిగింది?

మా శాఖలో కొత్తగా చేరిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీలో ఒక్కరు కూడా నన్ను సలహా అడగలేదు. ఎందుకు అడగలేదా అని నాకు మొదటి అనుమానం. అయినా చెబుతాను. వయసు మీరకముందే స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నవాడికి చెప్పడం తప్ప వేరే పనేముంది?

అనుమానంలో నాకు సాటి వచ్చేవాడు మా మదనపల్లె ఆఫీసులోనే కాదు, ఈ భూమండలంలోనే లేడు. కింద హోటలాయన టీ చల్లగా పంపితే పొద్దుటిదేమో అనుకునేవాణ్ని. వేడిగా పంపితే పొద్దుటిదాన్ని మళ్లీ కాచాడేమో అనుకునేవాణ్ని. సరిగ్గా ఎంత వేడి ఉండాలో అంతే ఉంటే, ఈయనకు నాతో ఏం పని పడిందా అని ఆ పూటంతా పని మానేసి ఆలోచించేవాణ్ని. పెళ్లయిన కొత్తల్లో మా ఆవిడ "భోజనానికి రండి" అంటే "ఎందుకు?" అని అడిగిన మనిషిని నేను. అలాంటివాడికి ప్రభుత్వం ఏ ఉద్యోగమివ్వాలో సరిగ్గా అదే ఇచ్చింది.

మన రాష్ట్రంలో, మన ఊళ్లలో, పూర్తిగా ఇక్కడే తీసిన చిన్న సినిమాలకు ప్రభుత్వం కొంత డబ్బు సాయం చేస్తుందని మీకు తెలుసు. ఆ "పూర్తిగా ఇక్కడే" అన్న మాట దగ్గర కాపలా కుక్కలా కూర్చోవడం నా పని. సినిమావాళ్లు ఫలానా చోట తీశామని రాసిస్తారు. నేను ఆ చోటికి వెళ్లి, నిజంగానే అక్కడ తీశారా లేక ఏ బెంగళూరు స్టూడియోలోనో తీసి మన ఊరి పేరు పెట్టారా అని తేల్చాలి. నా నివేదిక మీద మా సారు సంతకం పెడితే డబ్బు. లేకపోతే లేదు.

మా సారు రూల్ మనిషి. ఆయన చొక్కా ఇస్త్రీ మడత మీద నిమ్మకాయ పెడితే రెండు ముక్కలయ్యేది. అయితే ఆయన రూలుకు ఒక గుణం ఉంది. ఎదురుగా నిలబడినవాడి సైజును బట్టి అది వంగేది. నేను చెప్పబోయే కథకు ముందే ఒక పెద్ద హీరోగారి సినిమా మదనపల్లె టమాట మార్కెట్టుకు వచ్చింది. మొదటి కారు మార్కెట్టులో ఆగేసరికి చివరి కారు ఇంకా పుంగనూరు దాటలేదు. హీరోగారు టమాట బాక్సులు ఒక్క చేత్తో నాలుగు ఎత్తారు. అడుగున థర్మకోల్, పైన మాత్రం ఒక వరస టమాటలు. ఆ తర్వాత హీరోయిన్‌తో కలిసి మంచుకొండలకు వెళ్లిపోయి మిగతా సినిమా అంతా అక్కడే తీశారు. రైతుబిడ్డ ఆ మంచులో ఏ పంట వేస్తాడో కథలో ఎక్కడా చెప్పలేదు. "మన టమాటను ప్రపంచానికి చూపించారయ్యా" అని మా సారు వేరే పద్దు కింద దాన్ని పాస్ చేయించారు. నన్ను లొకేషన్‌కు పంపనేలేదు. ఎందుకు పంపలేదో మీరు ఊహించండి, నేనైతే ఇప్పటికీ ఊహిస్తూనే ఉన్నాను.

ఇక అసలు కథ. పుంగనూరులో పెళ్లి వీడియోలు తీసే ఫొటో స్టూడియో నడిపే ఒకావిడ సినిమా తీసింది. ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. చుట్టుపక్కల ఆమె కెమెరా ముందు తలంబ్రాలు పోసుకోని జంట లేదు. పెళ్లిళ్ల కెమెరాతోనే, పెళ్లిళ్లు లేని మూఢాల్లో, వీధినాటకంలో భీముడి వేషం కట్టే ఒక ముసలాయన కథ తీసింది. తీయడానికి స్టూడియోను, కెమెరాలను ఒక టమాట మండీ యజమాని దగ్గర తాకట్టు పెట్టింది. ప్రభుత్వం సాయం వస్తే సినిమా విడుదలవుతుంది, స్టూడియో మిగులుతుంది. రాకపోతే ఆ నెల తిరిగేసరికి ఆ గదిలో మండీ యజమాని బావమరిది విత్తనాల అంగడి పెడతాడు. బోర్డు కూడా అప్పటికే రాయించి పెట్టుకున్నాడని విన్నాను.

దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చిన రోజే ఫోన్ మోగింది. "సార్, ఆ దుర్యోధనుణ్ణి చంపే సీను తమిళనాడులో తీసినారు. బాగా ఇచారించుకోండి" అని చెప్పి పెట్టేశాడొకడు. ఆ గొంతు వెనకాల బ్యాండు మేళం, "అందరూ కొంచెం ఇటు చూడండి" అనే కేక వినిపించాయి. పెళ్లి మంటపం నుంచి చేసే శత్రువు ఎవరుంటారు? పుంగనూరులోని రెండో వీడియో స్టూడియో ఆయనే అయ్యుండాలి. ఫోన్ చేసినవాడి మీద నాకు అనుమానం వచ్చింది. కానీ వాడు చెప్పిన మాట మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

పుంగనూరు వెళ్లాను. ఆమె నాకు కాఫీ ఇవ్వలేదు, కనీసం మంచినీళ్లు ఇవ్వలేదు. లంచం అనుకుంటారని జాగ్రత్త పడిందంటే ఎంత ఆరితేరిన మనిషో అనుకున్నాను.

"సినిమా చూడండి సార్," అని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

మా చిత్తూరు వైపు మీకు కొత్తయితే ఒక మాట చెప్పాలి. ఇక్కడ ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర ఏటేటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివర్లో ఒక రోజు పొద్దున గుడి ముందు మైదానంలో బంకమట్టితో దుర్యోధనుణ్ణి చేసి వెల్లకిలా పడుకోబెడతారు. కిరీటం, మీసాలు, గుడ్లురిమే కళ్లు, అన్నీ ఉంటాయి. భీముడి వేషగాడు గద తీసుకుని ఆ తొడ మీద కొడతాడు. తొడలో దాచిన కుంకుమ నీళ్ల కుండ పగులుతుంది. చూసే జనం శివాలెత్తిపోతారు. ఆడవాళ్లు చీపుర్లతో వచ్చి పడి ఉన్నవాణ్ని ఇంకా నాలుగు బాదుతారు.

ఆమె సినిమాలో ఆ దుర్యోధనుడు రైలుపెట్టె అంత ఉన్నాడు. నేను పెంచి చెప్పడం లేదు. సరే, కొంచెం పెంచాను, కానీ పెద్దవాడే. కెమెరా అతని తల వైపు నుంచి ఒళ్లంతా దాటి తొడల దాకా చూస్తోంది. భీముడు గద ఎత్తాడు. దెబ్బ పడింది. ఎర్రటి నీళ్లు ఎగిరాయి. నా జీవితంలో మొదటిసారి అనుమానించడం మర్చిపోయి నోరు తెరిచాను. వెంటనే తేరుకుని, ఇంత బాగుందంటే ఇది ఆమె తీసింది అయ్యుండదు అనుకున్నాను.

"ఇది ఎక్కడ తీశావమ్మా?"

"కుప్పం దాటినాక సార్, ఊరి పేరు దాంట్లో రాసినాను. నిజం తిరనాళ్లే. సెట్టింగు కాదు."

"మళ్లీ మళ్లీ తీసుంటావే, ఇంత కుదరాలంటే."

"యాడ సార్! ఒక్క టేకు. రెండోసారి కొట్టనిస్తారా వాళ్లు? ఏడాదికి ఒక్కసారే గదా చస్తాడు."

మరుసటి వారం ఆమెను, ఆఫీసు డ్రైవరును వెంటబెట్టుకుని కుప్పం వైపు బయలుదేరాను. పలమనేరు దాటాక దారిపొడవునా బోర్డుల మీద తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసి కనిపిస్తాయి. ఒకే టీ కొట్టులో ముగ్గురు మూడు భాషల్లో ఒకే మనిషిని తిడుతుంటారు. ఇలాంటి చోట ఏది ఎవరి రాష్ట్రమో దేవుడికి కూడా సర్వేయర్ కావాలి.

ఊరు చేరాం. గుడి ముందు మైదానం. మట్టి దుర్యోధనుడు లేడు. వాడి మీసం వెంట్రుక కూడా లేదు. నున్నగా ఊడ్చినట్టు ఉంది.

ప్రతి ఏడూ దుర్యోధనుణ్ణి చేసేది ఒక ఇంటివాళ్లే. ఆ ఇంటి పెద్దాయన తలగుడ్డ సర్దుకుంటూ వచ్చాడు. ఎండిన చింతబెరడు లాంటి మనిషి.

"ఎవురు సారూ? దుర్యోధనుణ్ణి సూడ్డానికొచ్చినారా? లేటయిపాయె గదప్పా. ఆయన సచ్చి శానా దినాలాయె."

"ఎక్కడ చనిపోయాడు?"

"ఈడనే."

"ఆనవాలేమైనా ఉందా?"

"సంపినాక ఆనవాలు యాడుంటాది సారూ? మట్టి. ఎవురికి సిక్కింది వాళ్లు ఎత్తకపోయి సేన్లో సల్లుకొన్యారు. సెనక్కాయ బాగా కాస్తాదని."

ఆరితేరిన హంతకులు కూడా శవాన్ని ఇంత శుభ్రంగా మాయం చెయ్యలేరు. నేను ఊళ్లో కనిపించిన ప్రతివాణ్నీ పక్కకు పిలిచి విడివిడిగా విచారించాను. అందరూ ఒకే మాట చెప్పారు. ముందే కూడబలుక్కున్నారన్నమాట. ఆ తర్వాత ఇద్దరు ముసలమ్మలు రెండు రకాలుగా చెప్పారు. నేర్పిన పాఠం మర్చిపోయారన్నమాట. ఒక మేక నన్ను చూసి తల తిప్పుకుంది. దాన్ని కూడా రాసుకోబోయి ఆగాను.

"సరే పెద్దాయనా, ఎలా పడుకోబెట్టారో చూపించు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అట్ల అడుగు సారూ! సూడు. తల ఈడ. బుజాలు ఈడ. నడుము ఈ రాయికాడ. తొడలు, కాళ్లు ఆ పక్కకు పోతాయి. శానా పొడుగు గదా ఆయన."

"ఈ రాయి ఏమిటి?"

"ఇదా? గెట్టురాయి. ఈడికి ఆంధ్ర అయిపాయె. ఆ పక్క తమిళనాడు."

ఆ క్షణంలో నాకు ఒక విజయగర్వం కలిగింది. ఎవరో అబద్ధం చెబుతున్నారని బయలుదేరాను గదా, చూశారా, దొరికింది! అని. ఒక నిమిషం తర్వాత ఆ గర్వం నీరుగారిపోయింది. ఎందుకంటే ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. తీశామన్న చోటే తీశారు. తల, ఛాతీ, కిరీటం మన రాష్ట్రం. విరగాల్సిన తొడ మాత్రం పక్క రాష్ట్రం. కౌరవుల రారాజు ఏటేటా రెండు రాష్ట్రాల మధ్య పడుకుని చస్తున్నాడు. ఏ పోలీసుస్టేషనూ కేసు పెట్టుకోలేదు.

స్టూడియో ఆవిడ వైపు తిరిగాను. "ఈ రాయి సినిమాలో కనిపించలేదే?"

"అందంగా లేదని పూలబుట్ట అడ్డం పెట్టినాను సార్."

"సరిహద్దు రాయికి పూలబుట్ట అడ్డం పెట్టావా?"

"అది సరిహద్దని నాకేం తెలుసు సార్? పెళ్లిళ్లలో గ్యాస్ సిలిండర్ కనపడతాన్నా పూలబుట్టే పెడతాను."

నమ్మాలనిపించింది. అందుకే నాకు భయం వేసింది. అంతవరకూ నాకు ఎవరినీ నమ్మాలనిపించలేదు. ఆమె రాయి వైపే చూస్తోంది. చేతిలో ఉన్న ఫోన్ కవరు అంచును గోటితో పీకుతోంది. విత్తనాల అంగడి బోర్డు ఆమె కళ్ల ముందు కనబడుతోందని నాకు అర్థమైంది.

అప్పుడు నేను చేసిన పని వింటే మీరు నవ్వుతారు. ఇన్నాళ్లూ జనం చెప్పే అబద్ధాలు పట్టుకునే ఉద్యోగం చేసినవాణ్ని, ఆ మైదానంలో నిలబడి ఒక ముసలాయనకు అబద్ధం నేర్పడం మొదలుపెట్టాను.

"పెద్దాయనా, బాగా గుర్తు చేసుకో. ఈసారి దుర్యోధనుడు కొంచెం పొట్టిగా వచ్చాడేమో? మట్టి చాలక?"

"పొట్టా? మా తాత కాడ్నించి ఆయన జానెడు తగ్గింది ల్యా. ఎవురు సెప్పినారు సారూ నీకు పొట్టని? వాణ్ని పిల్సు."

"పోనీ, కాళ్లు కొంచెం ముడుచుకుని పడుకున్నాడా?"

"ముడుసుకోనీకి ఆయనేమన్నా సలికి పండుకున్న కుక్కపిల్లనా? రారాజు సారూ ఆయన!"

"అయితే తలే కొంచెం పైకి, గుడి వైపు జరిపి పడుకోబెట్టుంటారు. అంతేనా?"

పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఆ పక్క ద్రౌపదమ్మ వాకిలి. ఆయమ్మ జుట్టు పట్టి ఈడిపించినోడు, ఆయమ్మ గడపకాడ తల పెడతాడా? నీకు బుద్ధి ఉండాదా సారూ?"

స్టూడియో ఆవిడ మెల్లగా అంది. "సార్, అబద్ధం చెప్పమని నేను ఆయన్ను అడగలేదు. మీరే అడగతాండారు."

డ్రైవరు అటు తిరిగి దగ్గాడు. ఆ దగ్గు మీద నాకు ఇప్పటికీ అనుమానమే.

మదనపల్లె తిరిగి వచ్చి మా సారుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. ఎదురుగా ఉన్నది పెద్ద హీరో కాదు, పుంగనూరు ఫొటో స్టూడియో. రూల్ వంగలేదు.

"పూర్తిగా అని ఉంది కదయ్యా. తొడ అవతల ఉంటే పూర్తిగా ఎట్లా అవుతుంది?"

"కెమెరా ఇవతలే ఉంది సార్. తల దగ్గర."

"కెమెరా ఎక్కడుంటే ఏం, తీసింది దేన్ని? తొడనే కదా. రేపు పైనుంచి ఆడిట్ వస్తే ఆ తొడకు నువ్వు జవాబు చెబుతావా?"

ఆ రోజే ఆమెను పిలిపించారు. మా సారు చాలా మెత్తగా మాట్లాడారు. ఆయన మెత్తగా మాట్లాడితే నేను జేబు తడుముకుంటాను.

"అమ్మా, తేలిక దారి చెబుతాను. ఆ దెబ్బ కొట్టే ముక్క కత్తిరించు. భీముడు గద ఎత్తుతాడు, అక్కడితో ఆపి తర్వాత సీనుకు పోవచ్చు. ఇప్పుడే సంతకం పెడతాను."

"కత్తిరిస్తే ఆయన చావడు సార్."

"చావకపోతే బతకనీ. మంచిదే కదా. జనానికి కూడా కొత్తగా ఉంటుంది."

నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ఒప్పుకుంటుందని నాకు గట్టి నమ్మకం. తాకట్టులో ఉన్న కెమెరాలు, పోబోతున్న అంగడి. కత్తిరించడానికి రెండు నిమిషాలు పట్టదు. ఎవరైనా ఒప్పుకుంటారు. నేనైతే దుర్యోధనుడికి పట్టాభిషేకం కూడా చేసిచ్చేవాణ్ని.

"కుదరదు సార్," అంది. "కెమెరా పెట్టనిచ్చేటప్పుడు పెద్దాయన ఒకటే మాట అడిగినాడు. పండబెట్టినాక సంపకుండా లేపకూడదమ్మా, నీ బొమ్మలో కూడా, అన్నాడు. సరే అన్నాను. ఊరందరి ముందర అన్నాను."

"వాళ్లకెలా తెలుస్తుంది?"

"కుప్పంలో సినిమా వేస్తే చూసేది వాళ్లే గదా సార్. ముందు వరసలో కూర్చుంటారు."

"అంగడి పోతుందేమో ఆలోచించుకో."

"పోతాది సార్," అంది. లేచి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

ఆమె అంత తేలిగ్గా వెళ్లిపోయేసరికి మా సారుకు కూడా అనుమానం వచ్చింది. అనుమానం అంటువ్యాధి, నా పక్కన కూర్చుంటే తప్పదు. "దీని వెనకాల ఏదో ఉందయ్యా. నేనే వచ్చి చూస్తాను. దరఖాస్తు కొట్టేసే ముందు ఫైలులో ఫొటో కూడా ఉండాలి," అన్నారు.

అలా ఆ రోజు వచ్చింది. మా సారు ఇస్త్రీ చొక్కాలో దిగారు. ఊరంతా మైదానం చుట్టూ చేరింది. స్టూడియో ఆవిడ ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. పెద్దాయన మళ్లీ అంతే ఉత్సాహంగా తల ఈడ, నడుము ఈడ అని చూపించాడు. మా సారు కూడా ఆశగా అడిగారు. "కాళ్లు కొంచెం మడిచి..." పెద్దాయన నా వైపు చూసి, "మీ ఆపీసులో అందురికీ ఇదే రోగమా?" అన్నాడు.

"సరే, ఫొటో," అన్నారు సారు. "వట్టి నేల ఫొటో తీస్తే ఎవరికి అర్థమవుతుంది? మనిషి పడుకుంటే తల ఇటు, తొడలు అటు అని తెలుస్తుంది. నువ్వు పడుకో."

"నేనా సార్?"

"దుర్యోధనుడికి దగ్గరగా ఉన్నది నువ్వే."

నా పొట్ట గురించి అన్నారో బుద్ధి గురించి అన్నారో అడగలేదు. కండువా పరుచుకుని, గెట్టురాయి నడుముకు వచ్చేలా వెల్లకిలా పడుకున్నాను. నా తల ఆంధ్రప్రదేశ్, నా చెప్పులు తమిళనాడు. మా సారు ఫోన్‌తో ఫొటో తీశారు. అయిపోయిందని లేవబోయాను.

"లేయొద్దు!" అని ఒక్కసారిగా కేక. పెద్దాయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఆ జాగాలో పండుకున్నోడు సావకుండా లేయకూడదు సారూ. ఊరికి అరిష్టం."

"ఏమయ్యా, ఇది ఆఫీసు పని!" అన్నారు మా సారు.

"ఆపీసు పనైతే ఆపీసులో పండుకోవాల్సింది. ఈడెందుకు పండబెట్టినావు?"

దీనికి మా సారు దగ్గర ఏ రూలూ లేదు. జనం ముందుకొచ్చారు. నేను కింద నుంచి చూస్తున్నాను. కింద నుంచి చూస్తే మనుషులందరూ భీములే. పెద్దాయన భార్య ఇంట్లోకి పోయి చీపురు తెచ్చింది. కొంగు బిగించింది. మీరు ఆమెను చూడాలి, చీపురు పట్టుకుంటే ఆకాశం తాకింది.

"బయపడొద్దు నాయనా," అంది ప్రేమగా. "పెద్దగా కొట్టను."

ఈ లోకంలో పెద్దగా కొట్టనని చెప్పి కొట్టినవాళ్లను నమ్మకండి తమ్ముళ్లూ. చీపురు తిరగేసి పిడి వైపుతో తొడ మీద ఒక్కటి వేసింది.

"అమ్మా!" అని అరిచాను. ఆ అరుపుకు కుప్పంలో రైలు ఆగిందట.

జనం హాయిగా నవ్వారు. అరిష్టం తీరింది. నేను తొడ రుద్దుకుంటూ లేచి కూర్చున్నాను. నొప్పి అవతల ఉంది. నోరు ఇవతల ఉంది. అప్పుడు తట్టింది.

"సార్," అన్నాను. "దెబ్బ ఎక్కడ తగిలింది?"

"తమిళనాడులో. నా కళ్లారా చూశాను," అన్నారు మా సారు.

"అరిచింది ఎక్కడ?"

"ఇక్కడే."

"ప్రాణం పోయుంటే ఎక్కడ పోయేది సార్? తొడలో పోతుందా? దుర్యోధనుడు కూడా తొడ విరిగి చాలాసేపు ఉండి, కళ్లు మూసి చనిపోయాడు. కళ్లు ఎటున్నాయి? ఇటు. దెబ్బ అక్కడ పడింది సార్, చావు మాత్రం మన పరిధిలో జరిగింది."

మా సారు కళ్లజోడు తీశారు. రూల్ మనిషికి ఒక రూల్ కనిపిస్తే చాలు, అది ఏ శాఖదైనా ఆయన ముఖంలో ప్రాణం వస్తుంది. స్టూడియో ఆవిడ వైపు తిరిగి అడిగారు. "అమ్మా, దరఖాస్తులో ఈ సీనుకు ఏం పేరు పెట్టావు?"

"దుర్యోధన మరణం సార్."

"తొడ విరగ్గొట్టడం అని రాయలేదు కదా?"

"లేదు సార్. మరణమే."

"మరణం," అన్నారు మా సారు. ఇంకోసారి "మరణం" అన్నారు. నోట్లో చప్పరించి చూసినట్టు. పెద్దాయన భార్య అక్కడే నిలబడి ఉంది, చీపురు ఇంకా చేతిలోనే ఉంది. ఆమె మా సారు ఇస్త్రీ చొక్కా వైపు, ఆ ఖాళీ నేల వైపు మార్చి మార్చి చూస్తోంది. ఆయన ఒప్పుకున్నది న్యాయం తోచి ఒప్పుకున్నారా, తర్వాత వంతు తనదేనని భయపడి ఒప్పుకున్నారా అన్నది నేను తేల్చుకోలేకపోయిన ఒకే ఒక్క విచారణ.

నివేదిక నేనే రాశాను. "దుర్యోధనుడి మరణం మన రాష్ట్ర పరిధిలోనే జరిగినట్టు స్వయంగా విచారించి నిర్ధారించడమైనది." కింద నా సంతకం, దాని కింద మా సారు సంతకం. పైవాళ్లు తిప్పి పంపుతారని ఎదురుచూశాను. పంపలేదు. అంత త్వరగా ఎందుకు పాసయిందని నాకు నిద్ర పట్టలేదు. మండీ యజమాని తాకట్టు కాగితం తిరిగిచ్చాడు. విత్తనాల అంగడి బోర్డును బావమరిది ఎక్కడ పెట్టుకున్నాడో తెలియదు. స్టూడియోలో పెళ్లిళ్ల ఆల్బమ్‌లు ఎప్పటిలాగే ఉన్నాయి.

కొన్ని నెలలకు కుప్పంలో ఒక పాత హాల్లో ఆ సినిమా వేశారు. ఆ ఊరివాళ్లు ట్రాక్టర్లలో వచ్చి ఆమె చెప్పినట్టే ముందు వరసలన్నీ నింపారు. నేను వెనక గోడ పక్కన కూర్చున్నాను, ఎవరైనా నన్ను గమనిస్తున్నారేమో గమనిస్తూ.

ఆ సీను వచ్చింది. తెర మీద దుర్యోధనుడు పడుకున్నాడు. భీముడు గద ఎత్తాడు. దెబ్బ పడింది. ఎర్రటి నీళ్లు ఎగిరాయి. ముందు వరసల్లో కేకలు, ఈలలు, ఒకామె లేచి కొప్పు ముడి వేసుకుంది. దుర్యోధనుడి మట్టికళ్ల మీద నీడ పడింది. చచ్చాడు.

అంతే, ఆ ఊరివాళ్లందరూ లేచి బయటికి నడిచారు. హాలు సగం ఖాళీ. తలుపు దగ్గర నిలబడిన స్టూడియో ఆవిడ వాళ్లకు అడ్డం వెళ్లింది.

"పెద్దాయనా, యాడికి పోతాండారు? ఇంకా సినిమా ఉండాది!"

"తెలుసులేమ్మా, వస్తాము. బొమ్మ ఆపమని సెప్పు రోంతసేపు."

"ఏమయింది? నచ్చలేదా?"

"నచ్చకపోవడమేంది? బాగా సంపినావు, సెప్పిన మాట నిలబెట్టుకొన్యావు. ఎవురన్నా పోతే నీళ్లు పోసుకోకుండా అట్లనే కూసుంటారా? ఎంతైనా రాజు గదా."

హాలు పక్కన కుళాయి దగ్గర వరస కట్టారు. ఒక్కొక్కరూ దోసిట నీళ్లు పట్టి తల మీద పోసుకున్నారు. ఆడవాళ్లు కొంగులు తడుపుకుని నుదుటికి అద్దుకున్నారు. హాలు మేనేజరు "కుర్చీలు తడుస్తాయప్పా" అని మొత్తుకుంటున్నాడు. ఆమె మాత్రం తలుపుకు ఆనుకుని నవ్వుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ నవ్వుతోంది. తడి తలలతో అందరూ లోపలికి వెళ్లి ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు. సినిమా మళ్లీ మొదలైంది.

బయట నేనొక్కణ్నే మిగిలాను. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక కుళాయి తిప్పి నా తల మీద కూడా నాలుగు దోసిళ్లు పోసుకున్నాను. ఆయన చనిపోయాడని సంతకం పెట్టినవాణ్ని నేనే గదా.